చిన్న ట్రాక్టర్, ఎర్ర తాళం

జూన్ 2, ఆదివారం

గడ్డి కోసే మెషిన్ చచ్చింది. మా ఆయన ఒప్పుకోడు. వరండాలో పాత దుప్పటి పరిచి, దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, నేను ఎక్కడ తొక్కుతానో అని రోజంతా కాపలా కాశాడు. సాయంత్రానికి మళ్ళీ బిగించాడు. రెండు నట్లు మిగిలాయి. అవి అసలు అక్కర్లేదట, కంపెనీవాళ్ళు ఊరికే పెట్టారట. తాడు లాగితే మెషిన్ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

ఆ మెషిన్ లేకపోతే మా గతి అధోగతి. ఇంటి వెనక మూడెకరాలు, వాగు దాకా వాలు. పైన పళ్ళచెట్లు, మధ్యలో గడ్డి, కింద ఇంకా గడ్డి. గేటు నుంచి ఇంటి దాకా కంకర దారి. వాన పడినప్పుడల్లా ఆ కంకర సగం కిందికి షికారు పోతుంది. మళ్ళీ తోపుడు బండిలో ఎత్తి పైకి తోసుకురావాలి. ఆయన ముప్ఫై ఏళ్ళు లిఫ్టు మెకానిక్‌గా చేశాడు. ఎవరెవరి బిల్డింగుల్లోనో పైకీ కిందికీ తిరిగి తిరిగి విసుగెత్తి, ఇక నా కాళ్ళ కింద నేలుండాలోయ్ అని రిటైరవగానే ఈ చోటు కొన్నాడు. నేను ఇంకా టౌన్‌లో కళ్ళద్దాల షాపులో ఒంటిపూట ఉద్యోగం చేస్తున్నాను. లెన్సులు అరగదీస్తాను, ఫ్రేములు బిగిస్తాను.

భోజనాల దగ్గర, చిన్న ట్రాక్టర్ ఒకటి తీసుకుందాం అన్నాడు. గడ్డి కోస్తుందట. ముందు బకెట్ పెట్టుకుంటే కంకర ఎత్తుతుందట. వెనక ట్రాలీ తగిలిస్తే కట్టెలు లాగుతుందట. ఎవరు నడుపుతారు అని అడిగాను. ఊరికే అడిగాను, ఒట్టు. లిఫ్టు ఎక్కి, ఇది పైకి వెళ్తుందా అండీ అని అడిగినవాణ్ణి ఎలా చూస్తాడో అలా చూశాడు.

జూన్ 3, సోమవారం

గడ్డి రాత్రికి రాత్రే జానెడు పెరిగింది. నామీద కక్ష.

జూన్ 5, బుధవారం

డైనింగ్ టేబుల్ మీద తినడానికి చోటు లేదు. అన్నీ బ్రోషర్లే. ఒక్కోదాంట్లో తెల్లచొక్కా వేసుకున్న మనిషి ట్రాక్టర్ మీద కూర్చుని నవ్వుతుంటాడు. చొక్కాకి చిన్న మరక కూడా ఉండదు. గడ్డి కోసి ఆ చొక్కాతో ఇంటికి వస్తే ఆ మనిషికి మొక్కుతాను.

ఈయన రెండు రకాలున్నాయని నాకు పాఠం మొదలుపెట్టాడు. ఒకటి గేర్ల బండి, క్లచ్ తొక్కాలి. ఇంకోటి హైడ్రోస్టాటిక్. దానికి క్లచ్ గొడవ లేదు, కుడికాలి దగ్గర పెడల్ నొక్కితే ముందుకి పోతుంది, కాలు తీస్తే ఆగుతుంది. అది చేతకానివాళ్ళ బండి అట. తనకి గేర్ల బండే కావాలట, అదీ ఎక్కువ హార్స్‌పవర్‌ది. మూడెకరాలకి అంత హార్స్‌పవర్ దేనికండీ, పక్క ఊరు కూడా దున్నుతారా అన్నాను. మూతి ముడుచుకున్నాడు. నాతో మాట్లాడ్డం మానేసి కుక్కతో మాట్లాడాడు. కొంతమందికి మెషిన్ల సంగతి తెలీదురా, మనమే సర్దుకుపోవాలి అని చెప్పాడు.

ఇది మా ఇంటి అలవాటు. ఒకరికొకరం మొహం మీద చెప్పుకోలేనిది కుక్కకి చెప్తాం. రెండోవాళ్ళకి వినపడేలా చెప్తాం. కుక్క పేరు ఇన్‌స్పెక్టర్. ఏ కొత్త వస్తువొచ్చినా చుట్టూ తిరిగి వాసన చూసి, కాలెత్తి సంతకం పెట్టి పోతుంది. ఆయన సర్వీసులో చూసిన లిఫ్టు ఇన్‌స్పెక్టర్లందరూ దాదాపు ఇంతేనట.

టేపు కోసం సొరుగు వెతుకుతుంటే ఆయన ఎర్ర తాళం బయటపడింది. చాలాకాలమైంది దాన్ని చూసి. లిఫ్టు గోతిలోకి దిగే ముందు మెకానిక్ మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేసుకుంటాడు. తాళంచెవి తన జేబులోనే ఉంచుకుంటాడు. ఇక ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా, ఆ తాళం తీసే హక్కు ఆ ఒక్క మనిషికే. లోపల ఉన్నది వాడి ప్రాణం కదా. ఆ చెవి ఎవరికీ ఇవ్వకూడదు, పెళ్ళానికి కూడా. నిజంగానే ఇచ్చేవాడు కాదు. ప్యాంటు ఉతకడానికి తీస్తే ముందు జేబు మీద పడేవాడు. పెళ్ళి ఉంగరం ఎక్కడో పారేసుకున్నాడు గానీ ఆ చెవి మాత్రం పోలేదు.

జూన్ 8, శనివారం

షోరూమ్‌కి వెళ్ళాం. కారు నేనే నడిపాను. ఎప్పుడూ నేనే. పక్క సీటులో కూర్చుని తప్పులు పట్టడం ఆయన హాబీ.

సేల్స్ మనిషి మెడకి బిగించిన టై చూస్తుంటే నాకే ఊపిరాడలేదు. మాటలన్నీ ఆయనతోనే. నావైపు తిరిగింది ఒక్కసారి, మేడమ్‌కి ఏ రంగు ఇష్టమో చెప్పమని. ఒళ్ళు మండింది. వాలులో ఏది తిరగబడకుండా ఉంటుందో ఆ రంగు అన్నాను. టై నవ్వి, ఆ జవాబు కూడా ఆయనకే చెప్పాడు. సీటు వెనక తలుపు చట్రంలా ఒక ఇనప కమ్మీ నిలబడి ఉంటుంది. రోల్‌బార్ అంటారు. బండి బోర్లాపడినా మనిషి దాని కింద నలిగిపోకుండా కాపాడుతుంది. ఇంకోటి సీటు కింద స్విచ్. బండి కదులుతుండగా మనిషి సీటులోంచి లేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగుతోందని చాలామంది ఆ స్విచ్ పనిచేయకుండా వైరుతో కలిపేసుకుంటారు సార్, కావాలంటే మేమే చేసిపెడతాం అన్నాడు టై.

ఇక చూడాలి. ఈయన పాఠం అందుకున్నాడు. లిఫ్టు తలుపు స్విచ్‌కి వైరు కలిపిన ఒక మెకానిక్‌తో తను రిటైరయ్యేదాకా మాట్లాడలేదని చెప్పాడు. ఒకే కంపెనీ, ఒకే వ్యాను, అయినా ఒక్క మాట లేదు. పాపం టై గుటకలు మింగాడు. నాకు భలే ముచ్చటేసింది. ఇన్నేళ్ళయినా ఈ మనిషి ఇలా మాట్లాడుతుంటే నాకు ముచ్చటే.

తర్వాత వరసగా బళ్ళెక్కి కూర్చుని చూశాడు. ఒకదాని మీంచి దిగి, కంకర పరిచిన ఆవరణలో నడిచి, ఇంకోదాని దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు చూశాను. కుడికాలి చెప్పు మొదటి బండి మీదే ఉండిపోయింది. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. ఎండకి కాలిన కంకర మీద మామూలుగా నడుస్తూ, టైతో హార్స్‌పవర్ మాట్లాడుతున్నాడు. తెలియలేదు. ఆయనకి తెలియనే లేదు.

టై చెప్పు తెచ్చిచ్చాడు. లూజు చెప్పులోయ్ అని నవ్వాడాయన. నేనూ నవ్వాను.

అదే రోజు, సాయంత్రం 6

టీవీ ముందు కూర్చున్నాడు. కాళ్ళు స్టూలు మీద ఉన్నాయి. వెళ్ళి కుడి మడమ చూశాను. కంకర పలుకు గుచ్చుకుని ఉంది, చుట్టూ నెత్తురు గడ్డకట్టింది. కళ్ళజోళ్ళ స్క్రూలు పట్టుకునే చిన్న పట్టకారుతో తీశాను. కదల్లేదు, కిందికి చూడలేదు. రాయి చేతిలో పెట్టి చూపిస్తే, ఇదెక్కడిదోయ్ అన్నాడు.

షుగరు చాలా ఏళ్ళుగా ఉంది. మందులు వేసుకుంటాడు, తీపి దొంగతనంగా తింటాడు, నాకు తెలియదనుకుంటాడు. కాళ్ళ సంగతి మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. మెకానిక్ కాళ్ళు, తోలు మందం అన్నాడు.

కాళ్ళ కింద నేలుండాలి అని కొన్న మనిషికి, కాళ్ళ కింద నేల తెలియడం లేదు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

జూన్ 12, బుధవారం

బతిమాలి, బెదిరించి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టర్ ఒక నైలాన్ పోగు తీశాడు. కళ్ళు మూసుకోండి, కాలికి తగిలినప్పుడల్లా ఊ అనండి అన్నాడు. ఈయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఊ అన్నాడు. ఇంకాసేపటికి ఊ. ఇంకోసారి ఊ. మంచి వరసలో, పాటకి తాళం వేసినట్టు. డాక్టర్ చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. ఈయన మళ్ళీ ఊ అన్నాడు. డాక్టర్ నావైపు చూశాడు. నేను గోడమీద కేలండర్ చూశాను.

పరీక్ష పాసయ్యాననే అనుకున్నాడు పాపం. కళ్ళు తెరిచి, ఎలా ఉంది డాక్టర్ అని హుషారుగా అడిగాడు.

డాక్టర్ మెత్తగానే చెప్పాడు. ఇంట్లో కూడా మూసిన బూట్లు వేసుకోవాలి. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. ఎడమకాలు కొంచెం నయమే గానీ కుడికాలు బాగా మొద్దుబారింది. కాలు ఎక్కడుందో మీ కాలికే తెలియనప్పుడు, పెడల్ ఉన్న బండి ఏదీ నడపొద్దు అన్నాడు. ఈయన బుద్ధిగా తలూపాడు. కారెక్కాక సీటుబెల్టు పెట్టుకుంటూ, డాక్టరన్నదీ కరెక్టే, గేర్ల బండి వద్దులే, హైడ్రోస్టాటిక్ తీసుకుందాం, క్లచ్ ఉండదు, కాలికి పని తక్కువ అన్నాడు.

డాక్టర్ చెప్పింది ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోలేదు. లోపల కూర్చుని హైడ్రోస్టాటిక్‌గా మారిపోయింది.

జూన్ 15, శనివారం

షెడ్డు కొలిచాం. ఆ షెడ్డు ఆయన సొంత చేతులతో కట్టుకున్నాడు. ద్వారం తన ఎత్తుకి సరిపెట్టి, మీద టోపీకి కాస్త జాగా వదిలాడు. ఎంతసేపు కొలిచినా రోల్‌బార్ పట్టదు. టేపు సాగుతుందేమో అని లాగి లాగి చూశాడు.

ఆఖరికి, రోల్‌బార్ మడిచేసి ఉంచుదాం అన్నాడు. దానికి కీలు ఉంటుందట, మడిస్తే షెడ్డులోకి దర్జాగా పోతుందట. రోజూ ఎవడు ఎత్తి దించుతాడు, మడిచే నడిపేద్దాం అన్నాడు. మన వాలుకి అంత భయం అక్కర్లేదు అని కూడా అన్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. సేఫ్టీ స్విచ్‌కి వైరు కలిపినవాడితో జన్మలో మాట్లాడలేదని మొన్న ఆ టైకి క్లాసు పీకింది మీరేనా, వేరే ఎవరైనానా అని అడిగాను. ఇప్పుడు మీతో ఎవరు మాట్లాడ్డం మానాలి అన్నాను. టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. టేపు చుట్టుకోవడం అయిపోయాక కూడా అలాగే నిలబడ్డాడు.

అలా అనకుండా ఉండాల్సింది అని నాకనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు.

జూన్ 16, ఆదివారం

మాటల్లేవు. ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం రెండు వైపుల నుంచీ బోలెడు కబుర్లు.

జూన్ 19, బుధవారం

కింద గడ్డి నడుం దాకా వచ్చింది. పక్క స్థలంలో మేకలు పెంచే ఆవిడ, చూడలేక, తన చిన్న ట్రాక్టర్ వేసుకుని వచ్చింది. రబ్బరు బూట్లు, మగవాళ్ళ చొక్కా, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఇంజిన్ మోతలో కూడా ఆవిడ మాటలే వినపడతాయి. కొంత మేర కోసేసి, నా దగ్గర ఆపి, ఎక్కమ్మా నువ్వూ అంది. నాకు రాదన్నాను. కారు నడపడం లేదూ, దీనికేం కొమ్ములున్నాయా అంది.

ఎక్కాను. పెడల్ మీద కాలు పెట్టగానే ఆ కదలిక అరికాల్లో తెలిసింది. కొంచెం నొక్కితే కొంచెం, గట్టిగా నొక్కితే గట్టిగా. వాలుకి అడ్డంగా పోకు, తిరగబడతావు, పైకీ కిందికీ పో అని ఆవిడ పక్కన నడుస్తూ అరుస్తోంది. ఒక వరస కోశాను. తాగినవాడి నడకలా వంకర్లు తిరిగింది. కోసిన గడ్డి వాసన, వెనక్కి తిరిగి చూస్తే నేను చేసిన దారి.

నాకు నచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ చాలా నచ్చింది.

ఆయన వరండాలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను వచ్చేసరికి, ఆ వరస అంత వంకరగా ఎందుకొచ్చిందో ఇన్‌స్పెక్టర్‌ని అడుగుతున్నాడు. పోనీలే, నోరు తెరిచాడు.

జూన్ 20, గురువారం

చెప్పేశాను. కుక్కకి కాదు, ఆయనకే. ట్రాక్టర్ కొందాం, నేను నడుపుతాను అన్నాను. నడుపు, ఎవరు కాదన్నారు, ఇద్దరం నడుపుదాం అన్నాడు. శనివారం టై బండి తెచ్చి డెమో ఇస్తాడట, ఫోన్ కూడా చేసేశాడు.

ఇద్దరం అనే మాట నాకు నచ్చలేదు. గట్టిగా వద్దనడానికి నోరు రాలేదు. ఆ పూట అంత సంతోషంగా ఉన్నాడు మరి.

జూన్ 22, శనివారం

వరసగా రాయడానికి చూస్తాను.

టై పదింటికే బండి దింపాడు. ముందు నేను నడిపాను. తర్వాత ఆయన ఎక్కాడు. పైన చదునులో మాత్రమే, వాలు జోలికి పోనని నాకు మాటిచ్చాడు. మాట తప్పాలని తప్పలేదు, అది నాకు తెలుసు. రెండు చుట్లు చక్కగా కొట్టాడు, నాకంటే నీటుగా. మూడోసారి చెట్ల దగ్గరకొచ్చి ఆపాలి. ఆగలేదు. బండి అలాగే వాలులోకి దిగింది.

ఆయన మొహంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది. పెడల్ మీంచి కాలు తీసేశాననే అనుకుంటున్నాడు. కాలు అక్కడే ఉంది, నొక్కుతూనే ఉంది. తల వంచి, తన కాలు ఎక్కడుందో కళ్ళతో వెతుక్కున్నాడు. నేను పరిగెత్తాను. టై పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరికంటే ముందుంది. వాగు దగ్గరపడుతుంటే ఆయన కంగారుగా సీటులోంచి లేచాడు. ఇంజిన్ టక్కున ఆగిపోయింది. బండి కూడా ఆగింది. ముందు చక్రాలు బురదలో ఉన్నాయి. అవతల గట్టు మిగిలింది ఒక మంచం వేసుకునేంత.

దెబ్బలేం తగల్లేదు. టై తన టైతోనే చెమట తుడుచుకున్నాడు. పెడల్ మరీ మెత్తగా ఉందయ్యా, అందుకే బ్రేకు వేయాల్సొచ్చింది అని టైతో అన్నాడు ఆయన. ఎవరూ బ్రేకు వేయలేదు. టైకి తెలుసు, నాకు తెలుసు. పరాయి మనిషి ముందు నేనేం మాట్లాడలేదు.

నాకు ఆయన కావాలి. గడ్డి ఇంటి కప్పు దాకా పెరిగినా సరే, కంకరంతా వాగులో పోయినా సరే.

అదే రోజు, సాయంత్రం 7

వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. వెనక మెట్ల మీద ఆయన, కుక్క. కుక్కతో అంటున్నాడు, స్విచ్ ఆపిందిరా, నేను కాదు. నేను లేచాను కాబట్టి అది ఆపింది. కాలు తీశాననుకున్నానురా, నిజంగా తీశాననుకున్నాను అని.

కుళాయి కట్టేస్తే విన్నానని తెలుస్తుంది. అందుకని కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

జూన్ 24, సోమవారం

షాపులో ఒకాయన కళ్ళజోడుకి ఎడమ లెన్సు కుడివైపు బిగించాను. నా సర్వీసులో ఇదే మొదటిసారి.

జూన్ 29, శనివారం

వారమంతా ట్రాక్టర్ మాట లేదు. బ్రోషర్లు టేబుల్ మీంచి మాయమయ్యాయి. చోటు దొరికింది గానీ తినబుద్ధి కాలేదు. ఇక వదిలేశాడనుకున్నాను. మేకలావిడని అప్పుడప్పుడు వచ్చి కోసిపెట్టమని అడుగుదామనుకున్నాను.

ఇవాళ షాపు నుంచి వచ్చేసరికి షెడ్డుకి మొహం లేదు. ద్వారం పైనున్న దూలం కిందపడి ఉంది. ఆయన నిచ్చెన పక్కన నిలబడి ఒళ్ళంతా రంపపు పొట్టుతో దర్శనమిచ్చాడు. కాళ్ళకి డాక్టర్ చెప్పిన మూసిన బూట్లు. నేను కొనిచ్చినప్పటి నుంచి అట్టపెట్టెలోనే మగ్గుతున్న బూట్లు, ఇవాళ మొదటిసారి బయటికొచ్చాయి. ఇదేమిటండీ అన్నాను. కుర్చీ తెచ్చి, ఇటుకల మీద పెట్టి, ఎక్కి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. నా తల మీంచి టేపు పట్టి, రోల్‌బార్ ఇంతెత్తు నిలబడాలి, దాని మీద ఇంకో మూరెడు జాగా ఉండాలి అని తనలో తను లెక్కలు వేసుకున్నాడు.

నా తల ఎత్తు కొలిచాడు. తనది కాదు. నాకర్థమవడానికి కాసేపు పట్టింది. కుర్చీలోంచి దిగబోతే, ఆగవోయ్, ఇంకా రాసుకోలేదు అని కసిరాడు.

జూలై 6, శనివారం

మళ్ళీ షోరూమ్. టై మమ్మల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

నన్ను ఎన్నిసార్లు ఎక్కించి దించాడో. మోకాళ్ళు పట్టేశాయి. మొదటి బండికి నా కాలు పెడల్ మీద పూర్తిగా ఆనలేదు, వేళ్ళతో నొక్కాల్సొచ్చింది. వద్దన్నాడు. రెండోదాంట్లో బకెట్ ఎత్తే కర్ర నా మోకాలికి కొట్టుకుంది. అదీ వద్దన్నాడు. మూడోది అన్నిటికంటే చిన్నది. కాలు చక్కగా ఆనింది, స్టీరింగ్ చేతికి అందింది, వెనక్కి తిరిగి చూస్తే కోత బ్లేడు అంచు కనిపించింది. వెనక చక్రాలు ఎడంగా జరిపి బిగిస్తే వాలులో నిలకడగా ఉంటుందని, అలా బిగిస్తేనే బండి తీసుకుంటామని ఆయనే షరతు పెట్టాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, పెడల్ మీద కాలుండగా లేవమన్నాడు. లేచాను, ఆగింది. మళ్ళీ లేవమన్నాడు. మళ్ళీ ఆగింది. తృప్తి లేదు, ఇంకోసారి అన్నాడు. నేనేమన్నా గుంజీలు తీస్తున్నానా అని అడిగాను.

టై అలవాటుకొద్దీ, సార్ మీకు హార్స్‌పవర్ కొంచెం తక్కువవుతుందేమో అని మొదలుపెట్టాడు. నడిపేది ఆవిడ, ఆవిణ్ణి అడగండి అన్నాడు ఈయన. హార్స్‌పవర్ గురించి అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అంత మురిపెంగా చదువుకున్న హార్స్‌పవర్.

టై నావైపు తిరిగాడు. వాలు ఎంతుంటుంది మేడమ్ అని అడిగాడు. చెప్పాను. రంగు అడగలేదు, బతికిపోయాడు.

జూలై 13, శనివారం

వచ్చింది. రోల్‌బార్ నిలబెట్టుకునే కొత్త ద్వారంలోంచి దర్జాగా షెడ్డులోకి పోయింది. ఇన్‌స్పెక్టర్ చుట్టూ తిరిగి, వెనక చక్రానికి సంతకం పెట్టింది. ఆయన చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం దాకా కోశాను. పైకీ కిందికీ, వాలుకి అడ్డంగా కాదు. ఆయన బూట్లేసుకుని ముందు ముందు నడుస్తూ గడ్డిలో రాళ్ళు ఏరి అవతల పారేశాడు. నేను దగ్గరికి వస్తుంటే చెయ్యెత్తి పక్కకి తప్పుకునేవాడు. వరస ఇంకా వంకరే. ఇవాళ కుక్కతో ఏమీ అనలేదు.

జూలై 14, ఆదివారం

పొద్దున్న లేచేసరికి పక్కన లేడు. షెడ్డు తలుపు తీసుంది. ట్రాక్టర్ సీటులో కూర్చుని ఉన్నాడు. ఇంజిన్ ఆన్ చేయలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గోడ చూస్తున్నాడు. నన్ను చూసి మెల్లగా దిగాడు. ముందు ఏ కాలు పెట్టాలో కిందికి చూసుకుని మరీ దిగాడు. లోపలికి వెళ్ళాక, బండి చూసి వద్దామని వెళ్ళానోయ్ అన్నాడు.

రోజంతా షెడ్డులోనే ఏదో బిగిస్తూ ఉన్నాడు. నన్ను రానివ్వలేదు.

జూలై 15, సోమవారం

షాపుకి బయల్దేరుతుంటే షెడ్డులోకి పిలిచాడు. బ్యాటరీ పక్కన ఒక మెయిన్ స్విచ్ బిగించాడు, లిఫ్టులకి ఉండేలాంటిదే. అది ఆపి, నా ఎదురుగానే దానికి తన ఎర్ర తాళం వేశాడు. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నువ్వు ఇంట్లో లేనప్పుడు నా చెయ్యి ఊరుకోదోయ్ అన్నాడు. ఇన్‌స్పెక్టర్ అక్కడే ఉంది. దానికి చెప్పలేదు, నాకే చెప్పాడు.

లెన్సులు అరగదీస్తూ రెండుసార్లు జేబు తడుముకున్నాను. ఉంది.